ఎస్ఎంసీకి ఎన్నికయ్యారా? సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

సాయంత్రం ఆరింటికి ఒక పిల్లవాడు చంకలో పెద్ద పుస్తకం పెట్టుకుని చైర్‌పర్సన్ ఇంటి ముందు నిలబడతాడు. 'సార్ ఇక్కడ సంతకం పెట్టమన్నారు' అంటాడు. ఆవిడ అప్పుడే పొలం నుంచి వచ్చి ఉంటుంది. చెయ్యి తుడుచుకుని పెట్టేస్తుంది. జరగని సమావేశం జరిగినట్టయింది, చదవని తీర్మానం ఏకగ్రీవమైంది. చాలా చోట్ల ఎస్ఎంసీ, అంటే పాఠశాల యాజమాన్య కమిటీ, ఇలాగే కాగితం మీద బతుకుతోంది.

ఆ తీర్మానాల పుస్తకమే కమిటీకి ఉన్న బలం. సభ్యులకు జీతం లేదు, కుర్చీ లేదు, టీచర్‌ను బదిలీ చేసే అధికారం లేదు. ఏ తేదీన ఏమి అడిగారు, ఎంత ఖర్చుకు ఒప్పుకున్నారు, ఎవరు చేస్తామన్నారు అనేది పుస్తకంలో ఉంటే ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) అయినా, ఆడిటర్ అయినా, బాలల హక్కుల కమిషన్ అయినా దాన్ని పక్కన పెట్టలేరు. పుస్తకంలో లేకపోతే మీరు ఎంత గట్టిగా మాట్లాడినా అది రచ్చబండ కబురే.

చట్టం ఇచ్చింది ఎంత?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 21 ఎస్ఎంసీ గురించి, సెక్షన్ 22 పాఠశాల అభివృద్ధి ప్రణాళిక గురించి. కమిటీలో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, వెనుకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. పనులు మూడు: బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫారసు చేయడం, ప్రభుత్వం నుంచో పంచాయతీ నుంచో దాతల నుంచో వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడటం. ఈ మూడో దాంట్లో దాతల డబ్బు కూడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. పూర్వ విద్యార్థులు ఫ్యాన్లు కొనిచ్చినా, ఎవరో ఊరి పెద్ద లక్ష రూపాయలిచ్చినా అది కమిటీ లెక్కలోకి రావాలి.

ప్రభుత్వ సాయం అందని ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ వర్తించదు. ఎయిడెడ్, మైనారిటీ బడుల్లో 2012 సవరణ తర్వాత కమిటీది సలహా పాత్ర మాత్రమే. కాబట్టి ఇక్కడ రాస్తున్నదంతా ప్రభుత్వ, జడ్పీ, మండల పరిషత్, మున్సిపల్ బడుల గురించి.

మన దగ్గర తల్లిదండ్రుల కమిటీలు కొత్తవేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే సామాజిక భాగస్వామ్య చట్టం తెచ్చి విద్యా కమిటీలు పెట్టారు. ఇప్పటి కూర్పుకు ఆధారం 2011 మార్చి 3న వచ్చిన జీఓ ఎంఎస్ నంబర్ 20. దాని ప్రకారం తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు, వాళ్లలో కనీసం ఇద్దరు మహిళలు. అంటే అయిదో తరగతి వరకు ఉన్న బడికి 15 మంది, ఏడు వరకు ఉంటే 21, ఎనిమిది వరకు ఉంటే 24. తరగతిలో ఆరుగురి కంటే తక్కువ పిల్లలుంటే పక్క తరగతితో కలుపుతారు. హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) మెంబర్ కన్వీనర్, అంటే సమావేశాలు పిలిచే సభ్యుడు. ఇంకో టీచర్, వార్డు సభ్యుడు లేదా కౌన్సిలర్, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు హోదా రీత్యా సభ్యులు. చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్ తల్లిదండ్రుల్లోంచే రావాలి, ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. గడువు రెండేళ్లు.

తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఉన్నాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు దానికి అధ్యక్షురాలు, హెచ్‌ఎం కన్వీనర్, పని ప్రధానంగా మరమ్మతులు, వసతులు. అది వచ్చిందని ఎస్ఎంసీ రద్దయిపోలేదు. చట్టం పేరు పెట్టి చెప్పిన కమిటీ ఎస్ఎంసీయే. ఒకే బడిలో రెండు కమిటీలున్నప్పుడు ఒకే పనికి రెండు బిల్లులు పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి, అమ్మ కమిటీ చేయించిన ప్రతి పని వివరం ఎస్ఎంసీ పుస్తకంలోకి ఎక్కించుకోండి.

ఎన్నిక రోజు

ఎన్నిక చెడేది ఓటింగ్‌లో కాదు, జాబితా దగ్గర. ఓటర్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టగానే వెళ్లి చూడండి. అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివే పిల్లలకు సంరక్షకుల పేరు లేకపోవడం, వలస వెళ్లిన కుటుంబాల పేర్లు ఎగిరిపోవడం, ఇద్దరు పిల్లలున్న తల్లి పేరు ఒక తరగతిలోనే ఉండటం, ఇవీ తరచూ దొర్లే తప్పులు. అభ్యంతరం నోటితో చెప్పకండి. నాలుగు ముక్కలు రాసి ఇచ్చి, నకలు మీద హెచ్‌ఎం సంతకం, తేదీ తీసుకోండి.

తల్లిదండ్రులు సగం మందైనా రాకపోతే కోరం లేదని వాయిదా వేస్తారు. వాయిదా పడిన ఎన్నికకు మొదటిసారి కంటే తక్కువ మందే వస్తారు, అదే చిక్కు. ముందు రోజు సాయంత్రం చాటింపు వేయించడం, పిల్లల డైరీలో రాయించడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం మూడూ చేయాలి. ఒక్క వాట్సాప్ నమ్ముకుంటే ఫోన్ నాన్న దగ్గర, బడి సంగతులు చూసేది అమ్మ. కబురు చేరదు.

'ఏకగ్రీవం చేద్దాం' అన్న మాట వినిపిస్తే తొందరపడకండి. చేతులెత్తి తేల్చుకోవడం తప్పు కాదు, కానీ పార్టీల వాళ్లు రాత్రే పేర్లు అనుకుని వస్తే అది ఏకగ్రీవం కాదు. పోటీ ఉందని ఒక్కరు చెప్పినా ఓటింగ్ పెట్టమని అడగొచ్చు. ఇక చైర్‌పర్సన్‌ను ఎంచుకునేటప్పుడు చదువు కంటే తీరిక చూడండి. డిగ్రీ చదివి టౌనులో ఉద్యోగం చేసే తండ్రి కంటే ఊళ్లోనే ఉండి, లెక్క అడగడానికి మొహమాటపడని తల్లి మేలు. చదవడం రాకపోతే చదివి వినిపించే సభ్యురాలిని వైస్ చైర్‌పర్సన్‌గా పెట్టుకోవచ్చు.

మొదటి పదిహేను రోజులు

ప్రమాణ స్వీకారం ఫొటోలు అయిపోయాక హెచ్‌ఎంను అడిగి ఈ కాగితాలు ఒక బల్ల మీద పెట్టించండి:

పాత కమిటీ తీర్మానాల పుస్తకం. క్యాష్ బుక్, ఓచర్ల ఫైలు. బ్యాంకు పాస్‌బుక్ లేదా ఖాతా స్టేట్‌మెంట్. గత రెండేళ్లలో వచ్చిన గ్రాంట్ల ఉత్తర్వులు. మధ్యాహ్న భోజనం స్టాక్ రిజిస్టర్. వస్తువుల రిజిస్టర్, అంటే బల్లలు, కంప్యూటర్లు, ఆటవస్తువులు రాసే పుస్తకం. బడి యూడైస్ నివేదిక, అంటే బడి వివరాలు ఏటా ప్రభుత్వానికి పంపే లెక్క. ఉంటే, పాత అభివృద్ధి ప్రణాళిక.

యూడైస్ సంగతి కొంచెం చూడాలి. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. ఆ నివేదికలో గదులెన్ని, పనిచేసే మరుగుదొడ్లెన్ని, నీళ్లున్నాయా, ర్యాంపు ఉందా, ప్రహరీ ఉందా అన్నీ ఉంటాయి. దాన్ని ప్రింటు తీసుకుని బడి చుట్టూ తిరుగుతూ ఒక్కో గడికి టిక్కు పెట్టండి. నివేదికలో 'పనిచేస్తున్న బాలికల మరుగుదొడ్లు 4' అని ఉండి, కళ్లెదుట రెండిటికి తాళం, ఒకదాంట్లో చీపుర్లు కనిపిస్తే, మీ బడికి మరుగుదొడ్ల నిధులు ఎందుకు రావడం లేదో అక్కడే తెలిసిపోతుంది. పైవాళ్ల లెక్కలో మీకు లోటే లేదు. ఆ అంకె సరిచేయమని తీర్మానం చేయడం మీ మొదటి పని.

వస్తువులు లెక్కపెట్టేటప్పుడు విరిగినవి కూడా లెక్కలోకి తీసుకోండి. లేకపోతే రెండేళ్ల తర్వాత 'మీ హయాంలో పోయాయి' అంటారు.

సమావేశం

విద్యా హక్కు చట్టానికి కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు నెలకు ఒక్కసారైనా కూర్చోవాలంటాయి. కూలికి పోయే తల్లులున్న ఊళ్లో ఉదయం పదకొండింటికి సమావేశం పెడితే, వాళ్లు ఒక రోజు కూలి వదులుకోవాలి లేదా రాకుండా ఉండాలి. రెండోదే జరుగుతుంది. బడి వదిలాక గంటసేపు, ప్రతి నెలా ఒకే తేదీ అని పెట్టుకుంటే చాలు. 'రెండో శనివారం కాదు, పదో తారీఖు' అన్నట్టు నోటికి తిరిగే తేదీ ఎంచుకోండి.

కూర్చునే తీరు చిన్న సంగతిలా అనిపిస్తుంది కానీ కాదు. టీచర్లు కుర్చీల్లో, తల్లులు పట్టాల మీద కూర్చున్న సమావేశంలో తల్లులు నోరు విప్పరు. అందరూ కింద కూర్చోవాలి, లేదా అందరూ బెంచీల మీద.

ఎజెండాలో మూడు అంశాల కంటే ఎక్కువ పెట్టకండి. మొదటిది ఎప్పుడూ ఒకటే: పోయిన నెల తీర్మానాల్లో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు. ఇది లేని కమిటీ ప్రతి నెలా కొత్త కోరికలు రాసుకుంటూ పోతుంది. చివర్లో రాసినదంతా గట్టిగా చదివి వినిపించాకే సంతకాలు. తీర్మానం ముగిసిన వరుస కిందనే సంతకాలు రావాలి. మధ్యలో ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టండి. ముందు సంతకాలు తీసుకుని తర్వాత పైన రాసుకునే అలవాటు ఆ ఖాళీలోంచే పుడుతుంది. వేలిముద్ర వేసేవారి పక్కన పేరు, ఏ తరగతి సభ్యురాలో రాయాలి. పుస్తకం పేజీలకు మొదటి రోజే నంబర్లు వేయించండి. మినిట్స్ ఎవరడిగినా చూపించాల్సినవే కాబట్టి, పేజీని ఫోన్‌తో ఫొటో తీసి గ్రూపులో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లల పేర్లు, ఫిర్యాదులు ఉన్న పేజీలు మాత్రం పెట్టకండి.

తీర్మానం రాయడం

చాలా పుస్తకాల్లో కనిపించే తీర్మానం ఇలా ఉంటుంది:

'పాఠశాలలో మరుగుదొడ్లు బాగుచేయించవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

దీంతో ఎవరికీ పని పడదు. ఎవరు చేయించాలి? ఏ డబ్బుతో? ఎప్పటికి? అదే సంగతి ఇలా రాసి చూడండి:

'బాలికల మరుగుదొడ్లు నాలుగింటిలో రెండింటికి లోపలి గొళ్లెం లేదు. మూడోదానికి కుళాయి పనిచేయడం లేదు. ఈ రోజు సభ్యులు స్వయంగా చూశారు. గొళ్లేలు, కుళాయి బిగింపు కలిపి రూ.2,400 మించకుండా పాఠశాల గ్రాంటు నుంచి ఈ నెల 18వ తేదీలోపు చేయించాలి. బాధ్యత హెచ్‌ఎం, నాలుగో తరగతి సభ్యురాలు. బిల్లు, పూర్తయిన పని రెండూ వచ్చే సమావేశంలో చూపాలి.'

చూసినది, అంకె, తేదీ, మనిషి. ఈ నాలుగూ లేకుండా ఒక్క తీర్మానం కూడా రాయనివ్వకండి. కమిటీ పరిధిలో లేని పనికి, ఉదాహరణకు టీచర్ ఖాళీకి, 'మండల విద్యాశాఖాధికారికి లేఖ రాయాలి, లేఖ నకలు ఈ తీర్మానానికి జత చేయాలి' అని ముగించండి. నిరసనగా ఎవరైనా ఒప్పుకోకపోతే వాళ్ల పేరుతో ఆ అభ్యంతరం కూడా రాయాలి. 'ఏకగ్రీవం' అన్న పదం అలవాటుగా పడకూడదు.

డబ్బు

బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద బడికి ఏటా వచ్చేది కాంపోజిట్ గ్రాంటు, అంటే పాఠశాల గ్రాంటు. పిల్లల సంఖ్యను బట్టి నిర్ణయించిన పరిమితులు ఇవి: 30 మంది లోపు రూ.10,000, 100 లోపు రూ.25,000, 250 లోపు రూ.50,000, వెయ్యి లోపు రూ.75,000, ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు శుభ్రతకే, అంటే మరుగుదొడ్లు, చేతులు కడిగే చోటు, సబ్బులు, ఫినాయిల్ వంటివాటికే పోవాలి. ఆటవస్తువులకు వేరే గ్రాంటు ఉంది: ప్రాథమిక బడికి రూ.5,000, ప్రాథమికోన్నతానికి రూ.10,000, ఉన్నత పాఠశాలకు రూ.25,000 వరకు.

మొత్తం ఒకేసారి రాదు, వాయిదాల్లో వస్తుంది. పైగా ఇప్పుడు ఈ డబ్బు చాలావరకు బడి ఖాతాలో నిల్వగా పడదు, ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చన్న పరిమితిగా ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. మార్చి ఆఖరుకు వాడకపోతే పరిమితి వెనక్కి పోతుంది. అందుకే మార్చి మూడో వారంలో ఒక్కసారిగా సున్నం, రంగు, చార్టులు, ఎవరికీ అక్కర్లేని గోడగడియారాలు వచ్చి పడతాయి. దీనికి మందు ఒకటే. గ్రాంటు రాకముందే, జులై సమావేశంలోనే, వస్తే మొదట దేనికి, తర్వాత దేనికి అని వరుస రాసి ఆమోదించుకోండి. డబ్బు కనిపించిన రోజున వరుస ప్రకారం పోవడమే.

బిల్లు చూడటం ఎలాగంటే, మొత్తం కాదు, వరుస వరుస చూడాలి. 'రంగులు, సామగ్రి, కూలీ కలిపి రూ.14,000' అన్న ఒక్క వరుస బిల్లు బిల్లు కాదు. ఎన్ని లీటర్ల రంగు, లీటరు ఎంత, ఎన్ని రోజుల కూలీ, రోజుకెంత అని విడిగా ఉండాలి. దుకాణం పేరు, బిల్లు నంబరు, తేదీ ఉండాలి. ఆ తేదీ తీర్మానం తేదీ కంటే ముందుదైతే పని ముందే చేసి అనుమతి తర్వాత తీసుకున్నట్టు. అత్యవసరమైతే అదీ జరగొచ్చు, కానీ ఎందుకో పుస్తకంలో ఉండాలి. పెద్ద కొనుగోలుకు మూడు దుకాణాల కొటేషన్లు అడగండి. మూడూ ఒకే చేతిరాతలో ఉంటే సంగతి మీకే అర్థమవుతుంది.

ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. 'మాటిమాటికీ మీ ఇంటికి తిరగలేమమ్మా' అన్నా సరే.

కట్టడం పనులు కమిటీ ద్వారా జరిగేటప్పుడు, 2019లో మొదలైన బడుల మరమ్మతు పథకం మన బడి నాడు-నేడులో ఆంధ్రప్రదేశ్‌లో తల్లిదండ్రుల కమిటీల చేతికే పనులిచ్చినట్టు, ఇంకో రెండు పుస్తకాలు కావాలి. ఒకటి వచ్చిన సిమెంటు బస్తాలు, ఇసుక ట్రాక్టర్లు, ఇనుము తేదీల వారీగా రాసేది. రెండోది ఇంజినీరు కొలతల పుస్తకంలో రాసిన కొలతల నకలు. సామాను దిగేటప్పుడు ఒక సభ్యుడు ఉండాలి, దిగాక లెక్క ఎవరూ చెప్పలేరు. క్యూరింగ్ విషయంలో అందరూ మోసపోతారు. కాంక్రీటు కనీసం ఏడు రోజులు, ఎండలు ముదిరినప్పుడు పది రోజులు తడిగా ఉండాలి. మేస్త్రీ రెండో రోజునే వేరే పనికి పోతాడు. పిల్లల చేత నీళ్లు పోయించకండి. ఊళ్లో ఒకరికి రోజుకింత అని మాట్లాడుకుని ఆ ఖర్చు కూడా తీర్మానంలో పెట్టండి.

మధ్యాహ్న భోజనం లెక్క

ఇది నెలకు రెండు సార్లు, చెప్పకుండా వెళ్లి చూడాల్సిన పని. పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన పథకం) కొలత ప్రకారం రోజుకు ఒక్కొక్కరికి బియ్యం ఒకటి నుంచి అయిదు తరగతుల వాళ్లకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 150 గ్రాములు. పప్పు 20, 30 గ్రాములు. కూరగాయలు 50, 75 గ్రాములు.

పన్నెండింటికి ముందు తరగతుల్లోకి వెళ్లి తలలు లెక్కపెట్టండి. కింది తరగతుల్లో 34 మంది, పై తరగతుల్లో 28 మంది ఉన్నారనుకుందాం. బియ్యం 3.4 కిలోలు, 4.2 కిలోలు కలిపి 7.6 కిలోలు. పప్పు 680, 840 గ్రాములు కలిపి కిలోన్నర పైచిలుకు. ఇప్పుడు వంటగదిలో ఈ రోజుకు తీసింది ఎంతో అడగండి, రిజిస్టర్‌లో ఎంత రాశారో చూడండి. ఇదే హాజరుతో నెలకు 22 పనిదినాలైతే 167 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు మూడూ మూడో వంతు. నెలాఖరుకు గదిలో ఎన్ని బస్తాలు మిగలాలో కూడా దీంతోనే తేలుతుంది.

తేడా వస్తే మూడు కారణాల్లో ఒకటి. హాజరు ఎక్కువ వేసి ఉండొచ్చు. బస్తా తూకమే తక్కువ వచ్చి ఉండొచ్చు, దింపుకున్నప్పుడు కాటా వేయకపోతే ఈ నష్టం బడి మీద పడుతుంది. లేదా పిల్లలు తినక పారబోస్తుండొచ్చు. మూడోదైతే అది దొంగతనం కాదు, రుచి సమస్య. కారణం తెలియకుండా వంట చేసే ఆవిడ మీద పడకండి. నెలల తరబడి బిల్లులు రాక, కిరాణా కొట్లో అప్పు పెట్టి పప్పు తెస్తున్న వంట ఏజెన్సీ దగ్గర చారు పలచబడటంలో ఆశ్చర్యం లేదు. అలాంటప్పుడు కమిటీ తీర్మానం ఆవిడ మీద కాదు, బకాయి బిల్లుల మీద రాయాలి.

వడ్డించే ముందు పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు, వాళ్లలో ఒక టీచర్, రుచి చూడాలన్నది నిబంధన. తల్లులు వంతులు వేసుకుంటే ఇది తేలిగ్గా నడుస్తుంది. రుచి చూసినవాళ్లు రిజిస్టర్‌లో 'బాగుంది' అని కాకుండా ఆ రోజు వండింది ఏమిటో రాయాలి. మెనూలో గుడ్డు ఉండి రిజిస్టర్‌లో సాంబారు అన్నం మాత్రమే ఉంటే, ఆ ఒక్క వరుసే సాక్ష్యం.

చదువు సంగతి, టీచర్ల సంగతి

ఇక్కడ కమిటీలు రెండు రకాలుగా తప్పు చేస్తాయి. కొన్ని అసలు అడగవు. కొన్ని టీచర్‌ను నిలబెట్టి పరీక్ష పెడతాయి. రెండోది జరిగిన బడిలో ఆ తర్వాత రెండేళ్లు ఏ టీచరూ కమిటీకి సహకరించరు.

అడగడానికి చట్టంలోనే దారి ఉంది. సెక్షన్ 24 ప్రకారం టీచర్ సమయానికి రావాలి, పాఠ్యాంశాలు పూర్తి చేయాలి, పిల్లల హాజరు, నేర్చుకునే తీరు, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడాలి. కాబట్టి 'మూడో తరగతిలో ఎంతమంది కథ తడబడకుండా చదవగలుగుతున్నారు, ఎంతమంది ఇంకా అక్షరాల దగ్గరున్నారు?' అని అంకెలు అడగండి, పేర్లు కాదు. మూడు నెలల తర్వాత అవే రెండు అంకెలు మళ్లీ అడగండి. అక్షరాల దగ్గరున్నవాళ్లు తగ్గకపోతే ఏం కావాలో టీచర్‌నే చెప్పమనండి. తరచూ వచ్చే జవాబు ఒకటే: పిల్లలు సోమవారాలు రావడం లేదు, పత్తి తీతకు వెళ్తున్నారు, తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతున్నారు. వాళ్లను బడికి రప్పించడం టీచర్ చేయలేని పని, కమిటీ చేయగలిగిన పని.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జులై 10న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ముగ్గులు, ఆటలు, భోజనం బాగానే ఉంటాయి. అంతమంది తల్లిదండ్రులు మళ్లీ ఒక్కచోట దొరకరు కాబట్టి, ఆ రోజు కమిటీ పని ఒకటే పెట్టుకోండి: తరగతికి ఒక కాగితం తిప్పి, బడిలో వెంటనే బాగుపడాల్సిన ఒక్క విషయం రాయించుకోవడం.

టీచర్ రాని రోజులు రాసిపెట్టుకోండి, కానీ కారణంతో సహా. సెలవా, శిక్షణా, ఎన్నికల డ్యూటీనా? సెక్షన్ 27 జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే చదువేతర పనులకు టీచర్లను పంపొద్దంటుంది. కాబట్టి కొన్నిసార్లు మీ ఫిర్యాదు టీచర్ మీద కాకుండా ఆయన్ని పంపిన ఆఫీసు మీద ఉండాలి.

అభివృద్ధి ప్రణాళిక

సెక్షన్ 22లో ఒక వాక్యం ఉంది: కమిటీ చేసిన ప్రణాళికే ప్రభుత్వ ప్రణాళికలకూ నిధులకూ ఆధారం కావాలి. ఇంత బరువున్న కాగితాన్ని చాలా బడుల్లో పాత ఏడాదిది చూసి అంకెలు మార్చి పంపేస్తారు.

నమూనా నిబంధనల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసే మూడు నెలల ముందు, అంటే డిసెంబర్ ఆఖరుకు ప్రణాళిక సిద్ధమవ్వాలి. మూడేళ్లకు ఒకటి, అందులో ఏడాదికొక ఉపప్రణాళిక. ఉండాల్సినవి నాలుగు: ఏడాది వారీగా, తరగతి వారీగా పిల్లల అంచనా, అదనంగా కావాల్సిన టీచర్లు, గదులు, వసతులు, వీటికయ్యే ఖర్చు.

అంతా మొదటి అంకె మీద నిలబడుతుంది. అయిదో తరగతి వరకు ఉన్న బడిలో ఇప్పుడు 58 మంది ఉన్నారనుకోండి. చట్టం షెడ్యూలు, అంటే చివర జత చేసిన ప్రమాణాల పట్టిక, 60 మంది వరకు ఇద్దరు టీచర్లే అంటుంది, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. అంగన్‌వాడీ రిజిస్టర్ తెరిస్తే వచ్చే జూన్‌కు బడి వయసు వచ్చేవాళ్లు 13 మంది కనిపించారు. అయిదు పాసై వెళ్లేవాళ్లు 8 మంది. 58లోంచి 8 తీసి 13 కలిపితే 63. మూడో టీచర్‌ను అడిగే హక్కు వచ్చింది. టీచరుకు ఒక గది అన్నది కూడా షెడ్యూల్లోనే ఉంది కాబట్టి మూడో గది కూడా. అంగన్‌వాడీ కార్యకర్త కమిటీలో సభ్యురాలిగా ఎందుకుందో ఇప్పుడు తెలుస్తుంది. ఆ పదమూడు మంది ప్రైవేటు బడి బస్సెక్కకుండా ఏప్రిల్‌లోనే ఇళ్లకు వెళ్లి మాట్లాడటం కూడా ఈ లెక్కలో భాగమే. రాష్ట్ర రేషనలైజేషన్ (టీచర్ల సర్దుబాటు) ఉత్తర్వుల్లో సంఖ్యలు వేరుగా ఉంటే రెండూ పక్కపక్కన రాయండి.

వసతులకు షెడ్యూలే జాబితా: అడ్డంకి లేని దారి, బాలురకూ బాలికలకూ విడివిడి మరుగుదొడ్లు, మంచినీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె. లేనివాటికి కొలతలు వేసి రాయండి. 'ప్రహరీ కావాలి' అనకుండా 'తూర్పు వైపు 42 మీటర్లు ప్రహరీ లేదు, అటువైపు రోడ్డు ఉంది' అనండి. గోరింత ఖర్చుకే అయ్యేవి, ప్రభుత్వం చేయాల్సినవి వేరు చేయండి. నలభై కోరికలున్న జాబితాను ఎవరూ చదవరు. ఏడాదికి అయిదు, వరుస క్రమంలో. చైర్‌పర్సన్, కన్వీనర్ సంతకాలు చేసి ఒక ప్రతి పంచాయతీకి, ఒకటి ఎంఈఓకి ఇచ్చి, మూడోదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని బడిలో ఉంచండి.

పని కాకపోతే

ముందు హెచ్‌ఎం, తర్వాత తీర్మానం, ఆ తీర్మానం నకలుతో ఎంఈఓకి లేఖ. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి, రసీదు నంబరు పుస్తకంలో రాయండి. పిల్లల హక్కుకు సంబంధించిన ఫిర్యాదైతే సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకు రాసివ్వాలి. వాళ్లు మూడు నెలల్లో, ఇరువైపులా విని తేల్చాలి. తీర్పు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు.

లెక్కలు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు చాలు. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. జవాబుకు 30 రోజులు. 'అన్ని వివరాలు ఇవ్వండి' అని రాస్తే తిప్పి పంపుతారు. ఫలానా సంవత్సరం క్యాష్ బుక్ నకలు, ఫలానా గ్రాంటు ఓచర్ల నకళ్లు అని రాయండి.

ఒక విషయంలో మాత్రం ఈ మెట్లేవీ లేవు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే కమిటీ కూర్చోకూడదు, ఇరువైపులా పిలిపించకూడదు, బడి పరువు గురించి మాట్లాడకూడదు. పోక్సో చట్టం, 2012 ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. 1098కి ఫోన్ చేయండి. కొట్టడం, అవమానించడం విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 కింద నిషేధం. దాన్ని కూడా 'మా రోజుల్లో మేం తినలేదా' అని కొట్టిపారేయకుండా రాతలో పెట్టండి.

గడువు ముగిసేటప్పుడు

మీ పిల్లవాడు బడి వదిలితే మీ సభ్యత్వం కూడా పోతుంది. అయిదో తరగతి, ఎనిమిదో తరగతి సభ్యులు ప్రతి జూన్‌లో ఇలా ఖాళీ అవుతారు. చైర్‌పర్సన్ వాళ్లలోంచే ఉంటే కమిటీ సగంలో తల లేకుండా మిగులుతుంది. అందుకే ఎన్నిక రోజునే రెండో తరగతి, మూడో తరగతి పిల్లల తల్లిదండ్రుల్లోంచి ఎంచుకోవడం మంచిది. దిగిపోయే ముందు క్యాష్ బుక్ నిల్వ, ఖాతా నిల్వ, బియ్యం బస్తాలు, పూర్తికాని తీర్మానాల నంబర్లు ఒక పేజీలో రాసి, పాత చైర్‌పర్సన్, కొత్త చైర్‌పర్సన్, హెచ్‌ఎం ముగ్గురూ సంతకాలు చేయాలి. ఆ పేజీ నకలు ఒకటి ఇంటికి తెచ్చుకోండి. ఆడిట్ వచ్చేసరికి మీరు కమిటీలో ఉండకపోవచ్చు, మీ సంతకాలు మాత్రం ఆ పుస్తకంలో ఉంటాయి.